సెన్సారు మీద నూగు

మంచం మీద పాత దుప్పటి పరిచి
లెన్సులన్నీ దించినా.
రేపు రాత్రి బండికి మద్రాసు,
ఆడినుంచి మూడు రాత్రులు ఓడ.
విత్తనాల కంపెనీ నలభైమంది డీలర్లను తిప్పుతాదంట,
బాగా అమ్మినందుకు.
"మౌలా, నువ్వు రాకుంటే ఎట్లప్పా" అన్నాడు పంపాపతి,
"నీ అంత నున్నగా నన్నెవురు తీస్తారు?"

ఆదోనిలో పుట్టినోణ్ణి.
ఫిల్ము రోజుల్లో డార్కురూములోని మూడు ట్రేలే
నేనెరిగిన నీళ్ళు.
సముద్రానికి ఏ లెన్సు పెట్టాలో ఎవుర్ని అడగాల?

డెబ్భై-రెండొందలు ఎత్తి చూసినా.
చంటిబిడ్డంత బరువు.
పెళ్ళిపందిట్లో ఆ మూల ఏడ్చే తల్లిని
ఈ మూలనుంచి పట్టుకొచ్చేది ఇదే.
ఓడ మీద దూరాన ఏముంటాది?
దగ్గరికి లాక్కుంటే
నీళ్ళ వెనక ఇంకిన్ని నీళ్ళు.
పక్కకు పెట్టినా.

పద్నాలుగు వైడు.
క్యాబిను అగ్గిపెట్టెంత ఉంటాదంట, దానికిదే సరి.
సముద్రానికి పెడితే మాత్రం
సముద్రం దారమంత సన్నమైపోయి
పంపాపతి బొజ్జ ముందుకొస్తాది.
అయినా కంపెనీ బ్యానరు ఈ కొసనుంచి ఆ కొసకు పట్టేది
దీంట్లోనే.
సంచిలో వేసినా.

ఇరవైనాలుగు-డెబ్భై గురించి ఆలోచించే పనే లేదు.
రింగు వదులై, రబ్బరు పోయి,
సైకిలు ట్యూబు ముక్క తొడిగి
తొమ్మిదేండ్లుగా కూడు పెడుతున్న లెన్సు.
అదెట్లాగూ వస్తాది.

జైబున్ చెప్పుల డబ్బాల్లోంచి
సిలికా పొట్లాలు ఏరి తెచ్చింది, పదకొండు.
ఉప్పుగాలికి ఇవేం చాల్తాయంది.
ఏసీ గదిలోంచి డెక్కు మీదికి పోతానే
అద్దానికి చెమట పడతాదంట, తుడవగూడదంట,
అదే ఆరిందాకా కాసుకోవాలంట.
మా ఎండలకు మనుషులకు పట్టడమే చూసినా గానీ
అద్దానికి పట్టడం చూళ్ళేదు.

కడాకు మిగిలింది యాభై.
చిన్నది, అరచేతిలో ఇమిడేది,
ముందుకూ పోదు, వెనక్కూ పోదు.
దగ్గర కావాలంటే మనమే నడవాల.

మొన్న కార్తీకంలో దీంతోనే
నల్లరేగడి చేలల్లోకి నడిచినా.
మనిషెత్తు పత్తిచెట్లు, పచ్చగా,
ఒక్క కాయ లేదు.
ఉలిగమ్మ ఒక చెట్టును వేళ్ళతో సహా పీకి
పుట్టిన బిడ్డను చూపించినట్టు నా ముందుకు చాపింది.
"విత్తనం సంచి మీద పేరు గూడా పడేట్టు తియ్యి నాయనా."
తీసినా. పేరు పడింది.
బిల్లు పంపాపతి అంగడిది.
అర్జీకి గుచ్చిన ఆ ఫొటోలు
ఏ ఆఫీసులో ఏమైనాయో నాకు తెలీదు.
కాపీకి పది రూపాయల లెక్కన
నేను తీసుకున్న మాట మాత్రం నిజం.

"ఇది దేనికి?" అంది జైబున్.
"రాత్రిపూట వెలుతురు తక్కువుంటాది గదా."
అబద్ధం కాదు. ఒకటి పాయింటు ఎనిమిది దాకా తెరుచుకుంటాది.

ఇంతలో ఉరుకుందు కెమెరా మూత విప్పి
రబ్బరు బుడ్డితో ఊది ఊది అలిసిపోయి
"సెన్సారు మీద నూగు పట్టింది సార్, పోవడంల్యా" అన్నాడు.
జిన్నింగు మిల్లుల ఊరు,
సీజనంతా గాలిలో పత్తి నడుస్తానే ఉంటాది.
లెన్సు మార్చే ఆ రెండు క్షణాల్లో దూరింటాది.
ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో లోపలే కూచుని!
పూలు, సీరియలు లైట్లు, జరీ అంచులు,
వాటి నడుమ ఎవురి కంటా పడలేదు.

"పోనీలే సార్, ఓడలో ఎవురు జూస్తారు?"

నేనేమీ అనలేదు.
మిద్దెక్కి, కెమెరాను మబ్బులేని ఆకాశం మీదికి ఎత్తి
అపెర్చరు మూసుకుంటా పోయినా.
ఎనిమిది. పదకొండు. పదారు.
పదారు దగ్గర
ఆకాశానికి కుడిపక్క, పైన,
సన్నగా, కొంచెం వంకరగా
వచ్చి నిలబడింది.

ఓడ చుట్టూ మూడు దినాలూ
ఇట్లాంటి ఆకాశమేనంట.