ఏమైంది

అమీర్‌పేటలో మెట్రో తలుపులు మూసుకునే ముందు
ఒక కూత వేస్తాయి.
అందరికీ అది తలుపుల చప్పుడే.
నా చూపుడువేలు మాత్రం లేచి
గాలిలో, లేని బటన్ నొక్కింది.
ఎదురుగా కాలేజీ పిల్ల ఫోన్ దించి
నన్ను చూసి, మళ్లీ ఫోన్‌లోకి వెళ్లిపోయింది.

తొమ్మిదో బెడ్డు ఖాళీ అయి అప్పటికి పదకొండు రోజులు.
దుప్పటి మార్చాం. మంచానికి కట్టిన పేరు చీటీ తీసేశాం.
వాళ్ల నాన్న మర్చిపోయిన ఉస్మానియా బిస్కెట్ల పొట్లం
ఎవరూ తినలేదు, ఎవరూ పారేయలేదు.

ఇంట్లో కుక్కర్ కూసినా
పొయ్యి దగ్గరికి కాదు,
నిద్రపోతున్న మా చిన్నోడి ఛాతీ దగ్గరికి ఉరుకుతాను.
"నీకేమైందే?" అంటాడు మా ఆయన.
ఒకే ఇంజెక్షన్ రెండుసార్లు రాసిన రాత్రి
డ్యూటీ డాక్టరూ అదే అడిగాడు.
సెలవు చీటీ తిప్పి పంపుతూ ఆఫీసూ అదే.
ఆ మాట చివర ఒక వేలుంటుంది,
నా వైపే చూపిస్తూ.

ఒక ఆదివారం, ఆఫ్ ఉన్నవాళ్లని కూడా పిలిపించి
చాపలు పరిచి, శ్వాస గమనించమన్నారు.
రాత్రంతా పరాయి శ్వాసలు లెక్కపెట్టి వచ్చినవాళ్లం.
ఇక శవాసనం, అనగానే
ఎస్తేరు లేచి బయటికెళ్లిపోయింది.
సంతకం లేదని మెమో వచ్చింది దానికి.
నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది.
ఇప్పుడు మెహిదీపట్నంలో చీరలకు ఫాల్స్ కుడుతోంది.
ఫోన్ చేస్తే వెనక మిషన్ చప్పుడు వినిపిస్తుంది.
ఎందుకో ఆ చప్పుడు నన్నేమీ చేయదు.

కొత్త ఇన్‌ఛార్జి రుఖియా సిస్టర్
బ్యానర్లేం కట్టలేదు.
దుప్పట్ల గదిలో ఒక కుర్చీ వేయించింది,
గడియ లోపలివైపు పెట్టించింది.
నా భుజం మీద చెయ్యి వేయబోయి, ఆగి
"వెయ్యొచ్చా?" అంది.
సూది గుచ్చే ముందు రోజూ నేనడిగే మాట,
పన్నెండేళ్ల సర్వీసులో
నన్నెవరూ అడగని మాట.

"ఏమైందమ్మా?"
అదే మాట. చివర వేలు లేదు.
నేను నోరు తెరవలేదు.
"చెప్పకున్నా మంచిదే. కూసో.
పది నిమిషాలు నీ బెడ్లు నేను చూస్త."

ఆ నెల చార్టులో తొమ్మిదో బెడ్డుకి
నా పేరు పడలేదు.
ఎందుకని ఎవరికీ చెప్పలేదామె.

ఆ గదిలోనే ఒకరోజు పొట్లం విప్పాను.
బిస్కెట్ మెత్తబడింది.
ముందు ఉప్పు తగిలింది,
తీపి వచ్చేలోపు ఏడ్చేశాను.

తగ్గిందా అంటే ఏం చెప్పను!
నిన్న కూడా అమీర్‌పేటలో వేలు లేచింది.
తిట్టలేదు దాన్ని.
రెండో చేతిలోకి తీసుకుని
లక్డీకాపూల్ దాకా
ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.