ఉప్పు లెక్క

మూతపడ్డ రిసార్టు నుంచి అగ్గువకు దొరికిన తొట్టి
హన్మకొండల మా డాబా మీద ఆవిర్లు కక్కుతున్నది.
ముప్పయ్యేండ్లు బొగ్గుబాయిల వంగిన మోకాళ్లకు
మాపటీలి అరగంట.

బిళ్లలేస్తే కండ్లు మండుతయి, కనకమ్మ వీపంత దద్దుర్లు.
"ఉప్పు మిషన్ పెట్టుకో కాకా" అంటడు
కాజీపేట అశ్రఫ్.
"మరి క్లోరిన్ ఉండదా?"
"ఉంటది. ఉప్పులకెల్లే పుడ్తది, జెర మెల్లగ."
గింత నిజం చెప్పి సరుకమ్మేటోన్ని
నేనెన్నడు చూడలే.

మాయి సున్నపు నీళ్లు.
మా చాయ్ గిన్నె అడుగు చూసినోడెవడన్న చెప్తడు
ఆ ప్లేట్లెన్నొద్దులు బతుకుతయో.
మూడేండ్లకొక కొత్త సెల్లు,
దాని ధర నా నెల పింఛను మీద ఇంకింత.
ఉప్పు బస్తా ఒక్కటే అగ్గువ.

కాయితం మీద కూడుతున్న, కొట్టేస్తున్న.
కనకమ్మ పెన్సిలు గుంజుకున్నది.
"షిఫ్టు దిగొస్తే నీ బనీను మీద
తెల్లగ మ్యాపు లెక్క కట్టేది.
ఎన్నేండ్లు పిండిన్నో ఆ ఉప్పును!
మళ్ల పైసలిచ్చి తెస్తవా?"

నవ్విందో, కోపమొచ్చిందో తెల్వలే.
అశ్రఫ్‌కు పంప సీసల బోరునీళ్లు పట్టి
మూత బిగించి గోడ మీద పెట్టిన.
ఇయ్యాల్టికి
బిళ్ల సగం విరిచి వేసిన.