పది షిల్లింగులు

పంతొమ్మిదో రోజు.
స్టేషన్లో రిజిస్టరు పేజీ తిప్పేశారు.
నెకెసా ఇప్పుడు వెనకపేజీలో ఉంది,
పోయిన రెండు మేకలకీ, ఒక పడవ మోటారుకీ మధ్య.

"ఎత్తు?" అన్నాడు కానిస్టేబులు.
నా చెవిదాకా వస్తుందన్నాను.
"పోలికలు?"
నా పోలికలేవీ లేవు.
ఆ మాట రాసుకోవాలో వద్దో తెలీక
కలానికి మూత పెట్టేశాడు.

మా లువో భాషలో అవీనో అంటే
బొడ్డుతాడు మెడకు చుట్టుకుని పుట్టినది.
నా పేరు అదే.
ఆ తాడు నాలోంచి మళ్ళీ ఎవరికీ సాగలేదు.
నెకెసా అంటే కోతలకాలంలో పుట్టినదని,
కొండలవైపు మనుషులు పెట్టుకునే పేరని
అనాథాశ్రమంలో చెప్పారు. మార్చుకోవచ్చు అన్నారు కూడా.
మార్చలేదు.
రెండేళ్ళ పిల్ల వెంట తెచ్చుకున్న సామాను అదొక్కటే.

కన్నతల్లి వేలిముద్ర ఉన్న కాగితాన్ని
బైబిల్లో దాచాను, కీర్తనలకీ సామెతలకీ నడుమ.
పదిహేనేళ్ళ పిల్ల ఆ పుస్తకం తనంతట తాను తెరవదని
నా గట్టి నమ్మకం.
నాకున్న నమ్మకాల్లో మొదట ఓడింది అదే.

కాగితం దాంతోపాటే పోయింది.
బుంగోమా దాటాక ఏ ఊరు అని అడుగుతున్నారు పోలీసులు.
నాకు గుర్తు లేదు.
గుర్తుంచుకోకూడదని పదమూడేళ్ళు కష్టపడ్డాను.

బుధవారం నీలం తలగుడ్డల ఆడవాళ్ళు వచ్చి
మోకరించి ఏడ్చారు. టీ తాగారు. మంచివాళ్ళే.
అకోత్ పిన్ని మాత్రం వెళ్తూ వెళ్తూ
గుమ్మంలో చెప్పు వెతుక్కుంటూ అంది:
"రక్తం రక్తాన్ని వెతుక్కుంటుందే. నీ తప్పేం లేదు."
ఆవిడ చెప్పు నా కాలి కింద ఉంది.
కాసేపు తియ్యలేదు.

ఆదివారం పాస్టరు తప్పిపోయిన గొర్రె వాక్యం చదివాడు.
నాకోసమే చదివాడు, అందరూ నావైపే చూశారు.
తొంభై తొమ్మిదింటిని వదిలి కాపరి వెళ్ళాడు, సరే.
గొర్రెని ఎవరైనా అడిగారా,
దారి తప్పిందో, పుట్టిన దొడ్డి చూసి రావాలనుకుందో?
పాట మొదలయ్యేలోపు బయటికొచ్చేశాను.

సరస్సు ఒడ్డున పాత వలలమీద
ఒమెనా చేపలు ఆరబోశాను.
వేలెడు కూడా ఉండవు, అయినా ప్రతిదానికీ ఒక కన్ను.
ఎంత చిన్న ప్రాణమైనా ఆయన లెక్కలో ఉంటుందట.
నేను డబ్బా లెక్కన అమ్ముతాను.
లెక్క ఎలా ఉంటుందో నాకు తెలుసు.

దేవుడితో మాట్లాడటం మానేశాను.
మానేశానని ఆయనకి రోజూ చెబుతున్నాను.

ఎవరికీ చెప్పని పని ఇంకోటుంది.
తెల్లారగానే దాని నంబరుకి పది షిల్లింగులు పంపుతాను.
ఫోను కట్టేసే ఉంటుంది, డబ్బు మాత్రం వెళ్తుంది.
వయసు చాలదని ఆ సిమ్ము నా పేరునే తీశాను,
అందుకే మెసేజీ ఇలా వస్తుంది:
అవీనో నుంచి అవీనోకు, పది షిల్లింగులు.
నా కుడిచేత్తో నా ఎడమచేతికి ఇచ్చుకున్నట్టు.
ప్రార్థన కూడా ఇంతేనేమో
అనిపించిందొక పొద్దున. భయమేసింది.
అయినా మర్నాడు పంపాను.

ఇరవై మూడో రోజు, పొద్దెక్కాక,
చేతులనిండా పొలుసు,
ఫోను ఒక్కసారి కూసింది.

అవీనో నుంచి పది షిల్లింగులు అందినవి.

అంతే. మాట లేదు.
వస్తాననీ లేదు, రాననీ లేదు.
కొండలవైపు ఎక్కడో ఒక బొటనవేలు
ఒకటీ సున్నా నొక్కింది,
నా పేరుతో.

స్తోత్రం అనబోయాను. గొంతులో ఆగింది.
ముందు చేతులు కడుక్కున్నాను,
రెండుసార్లు, సబ్బుతో.
తర్వాత ఆ పదీ
తిరిగి పంపాను.