శేషం

కెమియార్విలో డిసెంబరు సూర్యుడు
మొహం చూపించకుండానే హాజరు వేయించుకుంటాడు.
మధ్యాహ్నం రెండింటికే దీపం పెట్టుకుని
హిల్కా ఒల్లిలా
కోతమిల్లు పాత చిట్టా వెనకవైపు
ఒక సంఖ్యను వెతుకుతోంది.

ముప్పై ఒక్క ఏళ్లు ఆ మిల్లులో జీతాలు పంచిన చెయ్యి.
పంచిన ప్రతిసారీ
మూడు పెన్నీలు మిగిలేవి, లేదా తగ్గేవి.
ఎవరివో తేలక
రాత్రంతా పంటికింద రాయిలా తగిలేవి.

ఇప్పుడు ఆమెకు కావలసింది ఇదీ:
సున్న నుంచి తొమ్మిది దాకా అందరూ రావాలి,
ఒక్కొక్కరు ఒక్కసారే.
ఎడమ నుంచి మొదటి రెండంకెలూ రెండుతో పోవాలి,
మొదటి మూడూ మూడుతో,
మొదటి నాలుగూ నాలుగుతో,
అలా పది దాకా
ఏమీ మిగలకుండా.

పదో చోట సున్న తప్ప ఎవరు నిలుస్తారు?
అయిదు తన పీట తానే తెచ్చుకుంది.
సరి చోట్ల సరి అంకెలు, బేసి చోట్ల బేసి.
మూడు, నాలుగు, ఎనిమిది పట్టుబట్టాక
ముప్పై ఆరు లక్షల పైచిలుకు వరసలు
చిక్కి చిక్కి పదికి వచ్చాయి.

ఆ పదింటిలో ఒకటి ఎంత అందగాడనీ!
ఏడు ఎనిమిది తొమ్మిది
ఆరు అయిదు నాలుగు మూడు రెండు ఒకటి, సున్న.
మూడు మెట్లెక్కి, వెనుదిరిగి
ఆరు మెట్లు దిగిపోయే వరస.
మనసు పడింది.
మొదటి ఏడంకెలూ ఏడుతో భాగించింది.
నాలుగు మిగిలింది.
చెయ్యి తప్పిందేమోనని మళ్లీ భాగించింది.
అదే నాలుగు.

ఏడుకు మొహమాటం లేదు.
మిల్లులో మేస్త్రీ ముడి ఉన్న దుంగను కాలితో తన్నినట్టు
తొమ్మిదింటిని పక్కకు నెట్టేసింది.

నిలిచినది:
3816547290.
మూడువందల ఎనభై ఒక్క కోట్ల చిల్లర.
చూడ్డానికేం లేదు.
బస్సు టికెట్టు మీద ఉంటే
ఎవరూ రెండోసారి చూడరు.
కానీ ఎక్కడ తుంచినా
తుంచినంతమందికీ సమానం.

సాయంత్రం లైబ్రరీలో, కాఫీ బల్ల చుట్టూ పదిమందికి
రొట్టె కోసినట్టు కోసి చూపించింది.
అప్పుడొచ్చాడు యూసో, బస్సు డ్రైవరు,
భుజాల మీద మంచు దులుపుకుంటూ:
"మరి పదకొండుతో?"

పెన్సిలు కదిలింది.
ఆరు మిగిలింది.
ఎవరో చెంచా కింద పెట్టిన చప్పుడు.

ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచొద్దని మన మాట.
మంచు ఊళ్లో ఆ మాట మొత్తం చెల్లదు.
పడుకోబోయే ముందు హిల్కా
పొయ్యి తలుపు తీసి నిప్పుల మీద బూడిద కప్పింది.
పొద్దున కట్టె అంటుకోవాలంటే
కాస్త ఉండాలి కదా.

మళ్లీ వచ్చి చిట్టా తెరిచింది.
సున్న పక్కన, ఖాళీలో,
ఆ మిగిలిన ఆరునే రాసి
మొత్తాన్ని పదకొండుతో భాగించింది.

పోయింది.

ఆరు రెండోసారి వచ్చింది, నియమం తప్పింది.
తప్పనీ.
రేపు బల్ల దగ్గర
ఒక కుర్చీ ఎక్కువ వెయ్యాలి.