ఓపీ చీటీలో ఒక మాట

పంటు ఆగిపోయిన మూడో నెలలో
అబ్బులు మామ ఆసుపత్రికొచ్చాడు.
జ్వరం లేదు. బీపీ నాకన్నా నయం.
ముద్ద మాత్రం గొంతు దిగట్లేదట.
"ఏం లేదండి, బెంగెట్టేసుకున్నాడు"
అంది నూకరత్నం,
పడిశం పట్టిందన్నంత మామూలుగా.

డాక్టరమ్మది మదనపల్లి దిక్కు, కొత్తగా వచ్చింది.
పెన్ను ఆపి నా వైపు చూసింది:
"దిగులు అని రాసేదా?"
ఆయ్, అన్నాను అలవాటు కొద్దీ.
అనేశాక నాలిక కరుచుకున్నాను.

దుఃఖం వస్తుంది,
అడక్కుండా, వరద గట్టెక్కినట్టు.
ఎక్కింది కాబట్టి తీస్తుంది కూడా.
దిగులు పడతాం,
కాలవ కట్టేసిన ఎండాకాలంలో
రేవు మెట్లు అయిపోయాక కూడా ఇంకా కిందికి,
బురదా పగిలిన సీసా పెంకులూ తేలే చోటికి.
బెంగ అలా కాదు, పెట్టుకోవాలి,
గోరువెచ్చని పాలకి తోడు పెట్టినట్టు
మన చేత్తో మనమే.
అదీ ఊరికే కుదరదు,
ఒకరి మీద పెట్టుకోవాలి.

దూడనమ్మేస్తే గేదె పెట్టుకుంటుంది, చేపదు.
మేనత్త కాపరానికెళ్ళిన రాత్రి
పసిది పెట్టుకుంటుంది, ఒళ్ళు కాలిపోతుంది.
పోయినవాళ్ళ మీద మా అమ్మ ఆ మాట వాడదు.
తిరిగొచ్చే దారున్నవాళ్ళకే అది.

"ఎవరి మీద?" అంది డాక్టరమ్మ.

నూకరత్నం కిటికీ వైపు గెడ్డం తిప్పింది.
కొబ్బరాకుల సందుల్లో కొత్త వంతెన,
వంతెన మీద అరటి గెలల ఆటో,
కింద, ఎక్కడికీ పోకుండా,
నిండుగా, గౌతమి.

ముప్పై ఒక్కేళ్ళు పాదాల కింద ఊగిన నేల
ఇప్పుడు ఊగదు.
మంచం కదలట్లేదని
అర్ధరాత్రి లేచి కూర్చుంటాడట.
ఎదురుగా ఉన్నదాని మీద కూడా
పెట్టుకోవచ్చని నాకప్పటిదాకా తెలీదు.

డాక్టరమ్మ రాసింది కొట్టేసి
ఆ మాటే తెలుగులో రాసింది,
సున్నా కాస్త పెద్దదైంది.
దాని కింద బీకాంప్లెక్సు, పది.
అంతకన్నా మా దగ్గర లేదు.

లెక్కపెట్టి కవర్లో వేసిచ్చాను.
విసిరిన తాడు అందుకున్నట్టు
ఒంటిచేత్తో అందుకున్నాడు మామ.
చొక్కా జేబు తడిమి,
మిగిలిన చిల్లర అనుకున్నాడో ఏమో,
రెండు రూపాయల బిళ్ళ
నా చేతిలో పెట్టాడు.