సగం బొబ్బర గింజ

న్గోరా దాటి మట్టి ఎర్రబడే చోట
ఏడు మళ్ళు, ఏడు కర్ర పలకలు.
ప్రతి మడి ముందూ ఒక గుడ్డ సంచీ, మూతికి పురికొస.
ఊరివాళ్ళకు తలా ఒక బొబ్బర గింజ ఇచ్చాం.
నచ్చిన మడి సంచీలో వెయ్యండి, అంతే.
లెక్క రాసేది నేను.

నా కాగితంలో చోళ్ళకు పేర్లుండవు, అంకెలుంటాయి.
మూడోది పొట్టిది, గాలికి పడదు.
అయిదోది తెల్లగింజ.
దాని పిండితో అటప ముద్ద చేస్తే
పిల్లలు ఇది చోడి కాదన్నారు.
ఆరోది అగ్గితెగులుకు లొంగలేదు.
పక్క చేలో కంకులు కాలిన అగ్గిపుల్లల్లా మెడలు వాల్చినా
ఇది నిటారుగా నిలబడింది.
ఏడోది వాళ్ళదే, పాతది. పోల్చి చూడ్డానికి పెట్టాం.
దాని పాదాల దగ్గర ఊదారంగు మల్లె కలుపు,
పేరుకు పువ్వు, పనికి దొంగ.

ఆఫీసరు ఎడియావు ఆరో మడి ముందు నిలబడి
ఎకరాకి ఎన్ని బస్తాలో రెండుసార్లు చెప్పాడు.
మగాళ్ళు తలలూపారు.
గింజలు టపటపా పడ్డాయి.

అముగే చివర్న వచ్చింది.
కంకిని తెంపలేదు. అరచెయ్యి కింద పెట్టి
పసిపిల్ల గడ్డం ఎత్తినట్టు ఎత్తింది.
ముడుచుకున్న పిడికిలా, తెరిచిన చెయ్యా?
పిడికిలైతే వానకు తడి పట్టి బూజెక్కుతుంది,
తెరిచినదైతే పిట్టలు దులుపుకుపోతాయి.
నాలుగు గింజలు నలిపింది, ఊదింది, పంటి కింద వేసింది.
"అంబలికి బాగానే ఉంది.
అజోన్ కుండలో పులుస్తుందా?"

ఆ గడి నా కాగితంలో లేదు.
పదిమంది చుట్టూ చేరి పొడుగు గొట్టాలతో పీల్చే కుండ అది.
అది కుదరకపోతే తగువు తీరదు, పెళ్ళిమాట సాగదు.

"అంతా ఒక్కసారే పండుతుందా?"
పండుతుందమ్మా, ఒక్క వారంలో. అదే దీని గొప్ప.
ఆమె నవ్వలేదు.
"నాకున్నది ఒక కత్తి, ఒక కోడలు.
దానికి ఎనిమిదో నెల.
కంకి కంకీ కోసేది మేమే. వారంలో ఎంతని కోస్తాం?"
ఆమె చూపుడువేలి నిండా పాత గాట్లు,
ఎన్ని కోతలో లెక్కపెట్టుకోవచ్చు.

ఏడో మడి దగ్గరికి వెళ్ళి కాలితో మల్లెని పెకిలించింది.
"ఇది తిక్కది. పది కంకులు ముందు, పది వెనక.
నాలుగుసార్లు నన్ను చేలోకి తిప్పుతుంది.
కానీ గాదె ఊడ్చేసిన నెలలో
ఆ మొదటి పది కంకులే మా పొయ్యి వెలిగించేవి."

తెగులొచ్చిన ఏడాది సంగతి నేనడగలేదు.
ఆమే చెప్పింది: ముప్పాతిక చేను తాలు.
విత్తనానికి కూడా మిగలక
చెల్లెలి ఊరికి రెండ్రోజులు నడిచి
తలగుడ్డలో మూట కట్టి తెచ్చుకుంది.
చెబుతూ ఆరోదాని వైపే చూస్తోంది.

బొబ్బర గింజ నోట్లో పెట్టుకుంది.
తినేసిందనుకున్నాం. ఎవరో నవ్వారు.
కటుక్కుమంది.
ఒక బద్ద ఆరో సంచీలో వేసింది,
ఒక బద్ద ఏడో సంచీలో.
"అలా చెల్లదమ్మా," అన్నాడు ఎడియావు, మర్యాదగానే.
"నీ కాగితంలో చెల్లదేమో," అంది,
"నా చేలో చెల్లుతుంది."

బిసినా సరస్సు మీంచి మబ్బు దిగింది.
పలకలు పీక్కుని పరుగెత్తాం.

రాత్రి టార్చి వెలుతుర్లో సంచీలు గుమ్మరించాను.
ఆరుకు ముప్పై ఒకటి. ఏడుకు నాలుగు.
ఇంకా బల్లమీద రెండు బద్దలు,
ఎంగిలి ఆరిపోయి, పంటి గాటుతో.
పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
రాశాను: ముప్పై ఒకటిన్నర. నాలుగున్నర.
అంచున చిన్న అక్షరాల్లో:
కోతకు ఇంట్లో ఎన్ని చేతులు? అడగాలి.

నెల తర్వాత పై ఆఫీసు నుంచి కాగితం తిరిగొచ్చింది.
రెండు అరల మీదా ఎర్రగీత.
అంచున రాసింది ఎవరూ చదివినట్టు లేదు.
కొట్టెయ్యనూ లేదు.