స్కేలు రాయని ప్లాను

షార్జా, రోలా వెనక వీధి. మే నెల.
ఆరో తరగతి, లెక్కల పీరియడ్.
మీరుండే ఇల్లు గీసుకు రండి అన్నాను,
పైకప్పు ఎత్తేస్తే పావురానికి కనపడేటట్టు.
"పావురం ఏసీ మీదే కూర్చుంటుంది మిస్,
లోపలికి చూడదు" అన్నాడు రెహాన్.

మీటరుకి రెండు సెంటీమీటర్లు.
అంతే చెప్పాను. మిగతాది వాళ్ళే తవ్వుకున్నారు.

తలుపు తెరుచుకునే దారి
పావు సున్నా అని కనిపెట్టింది సమీహ.
నేను వ్యాసార్ధం అనేలోపే
ఆ పావు సున్నా వెళ్ళి ఫ్రిజ్‌కి తగిలింది.
ఇంట్లోనూ రోజూ తగులుతుందట,
సొట్ట కూడా ఉందట.

ఉత్తరం ఎటని గొడవ.
"నాన్న నమాజుకి తిరిగేది ఇంచుమించు పడమర,
అప్పుడు కుడిచెయ్యి ఉత్తరం" తేల్చేశాడు రెహాన్.
పొయ్యి ఆగ్నేయంలో ఉందా అని
నానమ్మ ఫోన్లో అడిగిందని లిఖిత కంగారు.
పొయ్యి బాల్కనీలో ఉంది.

పడమటి కిటికీకి వెండి కాగితం ఎందుకంటించారో
సైన్సు మాస్టారు రాకుండానే తెలిసిపోయింది.
మాటల్లో నా నోట వసారా అని దొర్లితే
అదేంటి అన్నారు.
ఇల్లూ కాదు, వీధీ కాదు, మధ్యలో...
"లిఫ్టు ముందుండేదా?"
కాదనబోయి ఆగిపోయాను.

కెజియా కాగితం అందరికంటే చివర వచ్చింది.
ఒకే హాలు, ప్లైవుడ్ గీతలతో నాలుగు ముక్కలు,
మూడో ముక్క వాళ్ళది.
తలకంటే ఎత్తున ఉన్నవి చుక్కల గీతతో గీయమన్నానుగా,
పై మంచం చుక్కల్లో ఉంది,
అందులో చుక్కల తమ్ముడు.
కింది మంచం కోసం మాత్రం
రెండో కాగితం తీసుకుంది.
"నాన్నది రాత్రి టాక్సీ మిస్.
పగలు ఆయన పడుకుంటాడు,
రాత్రి అమ్మా నేనూ.
ఒక్క ప్లానులో పట్టలేదు."

పగటి ప్లాను, రాత్రి ప్లాను.
రెంటికీ గోడలు ఒకటే.
పగటి దాంట్లో తను ఎక్కడుందా అని వెతికాను.
కాగితం అంచున, మార్జిన్ అవతల,
బడి అని రాసిన చిన్న చుక్క.

స్కేలు రాయలేదేం అన్నాను.
పెన్సిల్ కొన గిల్లుతూ మెల్లగా అంది:
"రాస్తే కొలిచేస్తారు కదా మిస్."

ఇంటికొచ్చి మార్కులు వేశాను,
ఏ సబ్జెక్టు కింద వెయ్యాలో తెలియక
లెక్కల కిందే.
స్కేలు లేనందుకు ఒకటి కోశాను.
చాయ్ చల్లారిపోయాక మళ్ళీ కలిపాను.
తొమ్మిదిని పది చేసిన చోటు
ఎర్రగా, అలుక్కుపోయి,
కనిపిస్తూనే ఉంది.